డెమోలో పడ్డవాడు బరిలోనూ పడతాడా? మీకు మీరే పరీక్షించుకునే పద్ధతి

అమలాపురం దసరాలో చెడీ తాలింఖానా అనే కత్తిసాము, కర్రసాము ప్రదర్శన చూసినవాళ్లకి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఒకడు నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. అతని ఒంటి మీద ఏదో కాయ పెడతారు. కళ్లకు గంతలు కట్టుకున్నవాడు కత్తి తిప్పుకుంటూ వచ్చి ఆ కాయని రెండు ముక్కలు చేస్తాడు. చూసేవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. కానీ పడుకున్నవాడు కదలడని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అతను కదలకపోవడం ఆ విద్యలో సగం. కత్తి పట్టినవాడి సాధన ఎంత నిజమో, పడుకున్నవాడి నిబ్బరం కూడా అంతే నిజం. దాన్ని పోట్లాట అని ఎవరూ అనరు.

ఇప్పుడు ఇంకో దృశ్యం. కాలవగట్టు పక్కన ఒక కళ్యాణ మండపం. స్టేజీ మీద గురువుగారు అరచేయి మెల్లగా ముందుకు చాపారు. శిష్యుడు నాలుగడుగులు వెనక్కి ఎగిరి పడ్డాడు. హాలంతా చప్పట్లు. ఇక్కడ పడ్డవాడి వాటా ఎంత? ఆ మాట స్టేజీ మీద ఎవరూ చెప్పలేదు. చూసి ఇంటికి వెళ్లిన కుర్రాడు రేపు ఎవడైనా కాలర్ పట్టుకుంటే ఇదే పనిచేస్తుందనుకుంటాడు. నా బాధంతా ఆ కుర్రాడి గురించే.

ఎందుకంటే ఆ ఎగిరి పడే శిష్యుణ్ణి రెండేళ్లపాటు నేనే. కావాలని నటించలేదు, పడమని నాకెవరూ చెప్పలేదు. మొదటి నెలల్లో నేను నిలబడిపోతే "నీలో ఇంకా బిగువుంది, వదిలెయ్" అనేవారు. పడితే "ఇప్పుడు శక్తి తెలుస్తోంది" అనేవారు. ఆరు నెలలు గడిచేసరికి గురువుగారి భుజం కదిలితే చాలు, నా మడమలు వాటంతటవే లేచేవి. ఒళ్లు నేర్చేసుకుంది.

తర్వాత ఒక సంక్రాంతికి పాలకొల్లు దగ్గర మా చిన్నాన్న కొడుకు, కబడ్డీ ఆడతాడు, "ఏదీ, నా మీద చెయ్యన్నయ్యా" అని మణికట్టు అందించాడు. నేను నేర్చుకున్నట్టే తిప్పాను. వాడు నిలబడి నా మొహంలోకి చూశాడు. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగాడు: "ఇప్పుడు నేను పడాలా అన్నయ్యా?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ ఇన్నేళ్లుగా కూర్చుకున్న పద్ధతి ఇది. తాయ్ చీ, షింగ్ యీ, బాగ్వా అనే మూడు చైనా విద్యలను ఇంటర్నల్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. జపాన్ ఐకిడోని కూడా చాలామంది వాటి పక్కనే చేరుస్తారు. మీరు నేర్చుకుంటున్నది వీటిలో ఏదైనా, మర్మస్థానాల విద్య అయినా, ఈ పద్ధతి పనికొస్తుంది.

మొదట, ఆ మాటని కాగితం మీద పెట్టండి

డెమో చూసొచ్చిన రోజే ఒక నోటు పుస్తకం తీసి, అక్కడ ఏం చెప్పారో ఒక్క వాక్యంలో రాయండి. "శక్తి ఉంది" అని రాస్తే పరీక్షించడానికి ఏమీ ఉండదు. "నా మణికట్టు గట్టిగా పట్టుకున్నవాణ్ణి 3 సెకన్లలో మోకాళ్ల మీదికి తేగలను" అని రాయండి. దాని కింద ఇంకో వాక్యం: ఏం జరిగితే ఇది పనిచేయలేదని ఒప్పుకుంటాను? ఈ రెండో వాక్యం ముందే రాసుకోకపోతే, తర్వాత ఏం జరిగినా మనసు దానికో సర్దుబాటు వెతుక్కుంటుంది. నాకు తెలిసి మనుషులు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే.

చెయ్యి తగలకుండానే పడగొడతామనేవాళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. జపాన్‌లో యానగి ర్యూకెన్ అనే ఆయన ముట్టుకోకుండానే శిష్యుల్ని గుంపులు గుంపులుగా పడగొట్టేవారు. 2006లో ఒక ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ ఉండే పోటీ) ఫైటర్‌తో నిజంగా తలపడితే చాలా కొద్దిసేపట్లోనే దెబ్బలు తిని ఓడిపోయారు. ఆయన శక్తి మీద ఆయనకే నమ్మకం లేకపోతే అలా బరిలోకి దిగేవారు కారు. ఏళ్ల తరబడి ఎదుటివాళ్లు పడుతూ ఉంటే, పడగొట్టేవాడు కూడా నమ్మేస్తాడు.

గురువుని వదిలి, పడేవాడిని చూడండి

ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి వీడియో తీయండి. సెకనుకి 240 ఫ్రేములు ఉంటే మరీ మంచిది. ఇంటికెళ్లి చూసేటప్పుడు గురువుగారి చేతిని బొటనవేలితో కప్పేసి, శిష్యుడి పాదాలనే చూడండి.

నిజంగా తోసినప్పుడు ముందు ఒళ్లు కదులుతుంది, పాదాలు దాని వెనక పరిగెడతాయి. అడుగులు చిందరవందరగా పడతాయి, చేతులు దేన్నైనా పట్టుకోవాలని గాల్లో వెతుకుతాయి, చూపు నేల మీదికి పోతుంది. నేర్చుకున్న పడటం వేరుగా ఉంటుంది. చెయ్యి తగలకముందే మడమ లేస్తుంది. రెండు పాదాలూ ఒకేసారి గెంతుతాయి. దిగేటప్పుడు చక్కగా, గుండ్రంగా దిగుతాడు. నా పాత వీడియో ఒకటి ఇలా చూసుకున్నాను. గురువుగారి అరచేయి నా ఛాతీకి ఇంకా జానెడు దూరంలో ఉండగానే నా ఎడమ మడమ గాల్లో ఉంది. ఆ ఒక్క ఫ్రేము దగ్గర ఆపి చాలాసేపు కూర్చున్నాను.

"నన్ను పదిమంది తోసినా కదలను" అన్న డెమో సంగతి

ఇది కాస్త నిదానంగా చూడాలి. ఇందులో మోసం తక్కువ, నేర్చుకోవాల్సింది చాలా ఎక్కువ.

ఇంట్లోనే చేసి చూడండి. మీకన్నా బరువైనవాణ్ణి రెండు చేతులూ చాచి మీ ఛాతీని తోయమనండి. మీరు ఒక కాలు వెనక్కి వేసి, మీ అరచేతులు అతని మోచేతుల కింద పెట్టి, చూసేవాళ్లకి తెలియనంత కొంచెంగా పైకి ఎత్తండి. అతను ఎంత తోసినా మీరు ఆగుతారు. పైకి ఎత్తగానే అతని బరువులో కొంత మీ కాళ్ల మీదికి వస్తుంది. మీ పాదాలకి నేల మీద పట్టు పెరుగుతుంది, అతని పాదాలకి తగ్గుతుంది. అంతే విషయం. 1880లలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో లూలూ హర్స్ట్ అనే పదిహేనేళ్ల పిల్ల బలమైన మగవాళ్లని స్టేజీ మీద ఇలాగే ఇటూ అటూ తిప్పేసేది. జనం దాన్ని అతీత శక్తి అనుకున్నారు. తోపుల దిశ మారడమే తప్ప ఇంకేమీ లేదని 1897లో ఆమే తన పుస్తకంలో రాసింది.

మరి పదిమంది వరసగా తోస్తే? వెనకున్న తొమ్మిదిమంది తోపూ మొదటివాడి చేతులగుండానే మీ దాకా రావాలి. అతని చేతులు ఎంత మోయగలవో అంతే వస్తుంది. పైగా వెనకనుంచి ఒత్తిడి పెరిగేకొద్దీ మొదటివాడు నలిగిపోకుండా తన కాళ్లు తన్నిపెట్టుకుంటాడు. తాడులాటలో పదిమంది బలం కలిసినట్టు ఇక్కడ కలవదు.

ఇందులో నిజమైన నైపుణ్యం కూడా ఉంది. గోదావరిలో గెడ వేసి పడవ నడిపేవాణ్ణి గమనించండి. గెడ, వెన్ను, కాలు ఒకే వాలులో ఉంటేనే పడవ కదులుతుంది. నడుం దగ్గర విరిగితే బలమంతా అక్కడే పోతుంది. తాయ్ చీ వాళ్లు నిలబడే సాధనలో నేర్పేది ఈ వాలునే. అది వంట్లో పట్టినవాణ్ణి తోయడం నిజంగానే కష్టం. మన ప్రశ్న ఒక్కటే: తోసేవాడు మధ్యలో మనసు మార్చుకుంటే?

అందుకని ఈ డెమో చేసేవాళ్ల దగ్గర మర్యాదగా మూడు మార్పులు అడగండి. ఛాతీ బదులు నడుం దగ్గర తోయనివ్వమనండి. తోస్తూ తోస్తూ ఉన్నట్టుండి లాగనివ్వమనండి. ఎప్పుడు మొదలుపెడతారో చెప్పకుండా తోయనివ్వమనండి. సఖినేటిపల్లి నుంచి నర్సాపురానికి గోదావరి దాటించే పంటు మీద వెళ్లేవాళ్లకి ఈ మూడోదాని సంగతి బాగా తెలుసు. పంటు ఒడ్డుకి తగిలే క్షణం ఎదురుచూస్తున్నవాడు మోకాలు వంచి నిలబడతాడు, ఫోన్ చూసుకుంటున్నవాడు ముందుకి తూలతాడు. కుదుపు ఇద్దరికీ ఒకటే.

గురువుగారిని అడగడం

నలుగురి ముందు, స్టేజీ మీద మాత్రం వద్దు. క్లాసు అయ్యాక, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, ఒక్కరే వెళ్లి అడగండి: "గురువుగారూ, ఈసారి నేను పడకుండా ఉండటానికి నిజంగా ప్రయత్నిస్తానండీ. మీరు అనుమతిస్తే చేసి చూపిస్తారా?"

మంచి గురువైతే సంతోషిస్తారు. కొందరు "ఇది ఆరోగ్యం కోసం, కొట్లాటకి నేను నేర్పడం లేదు బాబూ" అంటారు. అది నిజాయితీ ఉన్న మాట, నమస్కారం పెట్టి నేర్చుకోండి. వృద్ధులు తూలిపడటాన్ని తాయ్ చీ తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. మా అమ్మ రోజూ పొద్దున్న వరండాలో అరగంట చేస్తుంది. ఆవిడ సాధనకి ఈ వ్యాసంలో చెప్పే పరీక్షలతో పనే లేదు.

జాగ్రత్తపడాల్సింది వేరే జవాబుల దగ్గర. "నీకు నమ్మకం లేదు కాబట్టి పనిచేయదు" అంటే, మీ మీద చెయ్యి చేసుకునేవాడికి ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది? అమెరికాలో ముట్టుకోకుండా పడగొట్టే విద్య నేర్పిన జార్జ్ డిల్‌మన్ అయితే, ఒక టీవీ పరీక్షలో అది పనిచేయనప్పుడు ఎదుటివాడి నాలుక నోట్లో ఉన్న తీరు, కాలి బొటనవేళ్లు పెట్టిన తీరు కారణం కావచ్చన్నారు.

"మాది ప్రాణాంతకమైన విద్య, పోటీలో వాడలేం" అనే మాట ఎక్కువగా వినపడుతుంది. దీనికి 1882లోనే జవాబు దొరికింది. కానో జిగోరో టోక్యోలో కోడోకాన్ పెట్టి జూడో మొదలుపెట్టినప్పుడు, జుజుత్సు అనే పాత జపాన్ యుద్ధవిద్యలోని ప్రమాదకరమైన దెబ్బల్ని కటా అనే వరస సాధనకి పరిమితం చేశారు. మిగిలిన పట్లను రాండోరిలో, అంటే ఎదుటివాడు పూర్తి బలంతో అడ్డుకుంటుండగా, రోజూ చేయించారు. తక్కువ పట్లే అయినా నిజంగా పడగొట్టడం ఒంటికి అలవాటైనవాడు, ప్రమాదకరమైనవి వంద తెలిసి ఒక్కటీ చేసి చూడనివాడి కన్నా ముందుంటాడు. ఐకిడోలో కూడా కెంజీ తొమికి ఈ దారే పట్టి రాండోరిని తెచ్చారు.

సరైన మనిషి, సరైన నేల

మీ క్లాసులోని స్నేహితుణ్ణి తీసుకోవద్దు. అతని ఒళ్లు కూడా మీ ఒళ్లులాగే నేర్చేసుకుంది. మన డెల్టాలో ఊరూరా దొరికే పరీక్షాధికారి కబడ్డీ కుర్రాడు. మడమ పట్టు, తొడ పట్టు, గొలుసు పట్టు అతనికి ఆటలో భాగం. పట్టుకున్నది వదలడు, పట్టుకుంటే ఆగడు. 30 సెకన్ల కూతలో ఏడుగురు మీద పడుతుంటే గీత దాటి బయటపడటమే అతని పని. మీరు ఏ విద్య చేస్తున్నారో అతనికి చెప్పకండి. మీ కన్నా పదిహేను కిలోలు ఎక్కువున్నవాణ్ణి తెచ్చుకుని మొదటి రోజే నిరుత్సాహపడొద్దు కూడా. మీ బరువుకి దగ్గరవాడితో మొదలుపెట్టండి.

మ్యాట్లు లేకపోతే కోతలయ్యాక చేలో జానెడు మందాన వరిగడ్డి పరిచి, మీద టార్పాలిన్ లాగి నాలుగు మూలలా మేకులు కొట్టండి. లంకల్లో పొడి ఇసుక కూడా బాగుంటుంది. కానీ నీటి అంచుకి దూరంగా ఉండండి, తడి ఇసుక సిమెంటులాగే తగులుతుంది. మొలతాడు, ఉంగరాలు, వాచీ తీసేయండి. నోటికి మౌత్‌గార్డ్ పెట్టుకోండి, స్పోర్ట్స్ షాపులో దొరుకుతుంది. చేత్తో రెండుసార్లు తడితే వెంటనే వదిలేయాలన్న ఒప్పందం ముందే చేసుకోండి. మెడ మీద, కళ్ల మీద, వేళ్ల మీద ఏ పరీక్షా చేయకండి. మూడో మనిషి ఒకరు పక్కన ఉండి తీరాలి.

తువ్వాలు పరీక్ష

అసలు పని ఇది. ఎదురు బలాన్ని ఒక్కసారిగా పెంచకుండా, ఒక్కోసారి ఒక్కటే మార్చుకుంటూ వెళ్లాలి. ప్రతి మెట్టు మీదా 10 సార్లు చేసి, ఎన్నిసార్లు పనిచేసిందో పుస్తకంలో రాయండి.

మొదటి మెట్టు మీద అతను మీ మణికట్టు పట్టుకుని, మీరేం చేసినా పడకుండా నిలబడటానికి చూస్తాడు. అడుగు మాత్రం వేయడు. ఇక్కడ 10లో 7 దాకా రాకపోతే పైకి వెళ్లకండి, ఆ పట్టునే సాధన చేయండి. రెండో మెట్టులో అతను అడుగులు వేయొచ్చు. చాలా డెమో పట్లు ఇక్కడే ఆగిపోతాయి. ఎందుకంటే ఒక్క అడుగు పక్కకి వేస్తే మీరు కష్టపడి తెచ్చుకున్న వాలు మొత్తం మారిపోతుంది.

మూడో మెట్టులో అతనికి సొంతంగా ఒక పని ఇవ్వండి. మీ నడుం వెనక ఒక తువ్వాలు దోపుకోండి. దాన్ని లాక్కోవడం అతని పని. అతణ్ణి మోకాలు నేలకి తగిలేలా చేయడం మీ పని. గంట కొట్టినట్టు మొదలుపెట్టి 30 సెకన్లు.

ఇంతవరకు అతను మిమ్మల్ని అడ్డుకునేవాడు మాత్రమే. ఇప్పుడు అతనికీ ఒకటి కావాలి. అతను మీ పట్టు కోసం ఆగడు, మణికట్టు అందించడు. చెయ్యి అలా వచ్చి ఇలా వెనక్కి పోతుంది. అప్పుడు ఊపిరి పైకెక్కుతుంది, భుజాలు చెవుల దాకా లేస్తాయి, రెండేళ్లు నేర్చుకున్న సడలింపు 5 సెకన్లలో ఆవిరైపోతుంది. ఆ టెన్షన్‌లో ఒంట్లో ఏం మిగిలిందో అదే మీకు వచ్చిన విద్య. దాన్ని రాసుకోండి. తక్కువైనా సరే, అది మీది.

నాలుగో మెట్టుకి, అంటే దెబ్బలు కూడా ఉండే స్పారింగ్‌కి, సొంతంగా వెళ్లకండి. జూడో, బాక్సింగ్, లేదా సాండా (చైనా వూషూలో నిజంగా తలపడే ఆట) నేర్పే కోచ్ దగ్గర, గ్లవ్స్‌తో, ఆయన కళ్లముందే చేయండి.

బహిరంగ పోటీల వీడియోలు ఎలా చూడాలి

1954 జనవరి 17న మకావ్‌లో తాయ్ చీ గురువు వూ గోంగ్‌యీ, తెల్ల కొంగ శైలికి చెందిన చాన్ హక్ ఫు రింగులో తలపడ్డారు. హాంకాంగ్ అగ్నిప్రమాద బాధితుల సహాయార్థం పెట్టిన పోటీ అది. ఇద్దరూ పేరున్నవాళ్లే. కానీ వీడియోలో కనిపించేది ఊపుగా వచ్చే పిడికిళ్లు, తూలే అడుగులు, ముక్కునుంచి రక్తం. రెండు రౌండ్ల తర్వాత గెలుపోటములు ప్రకటించకుండా ఆపేశారు. డెమోల్లో కనిపించే నాజూకుతనం అందులో వెతికినా దొరకదు.

2017 ఏప్రిల్‌లో చెంగ్డూలో ఎంఎంఏ చేసే షు షియావ్‌డాంగ్, తాయ్ చీ గురువు వెయ్ లెయ్‌ని 20 సెకన్లు కూడా పట్టకుండా నేలకూల్చాడు. తన చేతిమీది పావురం ఎగరలేకపోతున్నట్టు టీవీలో చూపించిన మనిషి ఈ వెయ్ లెయ్. 2020 మేలో మా బావ్‌గ్వో అనే 69 ఏళ్ల ఆయన దాదాపు 30 సెకన్లలో మూడుసార్లు పడిపోయాడు, మూడోసారి లేవలేదు.

ఇవి చూసి "తాయ్ చీ అంతా బూటకం" అనేయడం తొందరపాటు. 69 ఏళ్ల మనిషి ఓడిపోతే తెలిసేది ఆ మనిషి గురించి, ఆయన సాధన పద్ధతి గురించి. చైనాలోనే పుషింగ్ హ్యాండ్స్ (చేతులు ఆనించి తోసుకునే తాయ్ చీ సాధన) పోటీలున్నాయి. అందులో ఇద్దరూ నిజంగానే తోసుకుంటారు, పడతారు, చెమటలు కక్కుతారు. ఆ పోటీలు చూస్తే కొంత కుస్తీలాగే కనిపిస్తాయి. నాకు ఆ పోలిక తప్పుగా అనిపించదు. ఎదుటివాడు ఒప్పుకోనప్పుడు మనిషి ఒళ్లు పనిచేసే దారులు కొన్నే ఉంటాయి.

వచ్చిన లెక్కతో ఏం చేయాలి

మూడో మెట్టు మీద నాకు మొదటి ఆదివారం 10కి సున్నా వచ్చింది. రెండో వారం, మూడో వారం కూడా అంతే. ఏడో వారం 3 వచ్చాయి. ఆ మూడు ఎప్పుడు వచ్చాయో వీడియోలో వెతికాను. మూడింటిలోనూ మా తమ్ముడు (ఆనాడు మణికట్టు అందించిన చిన్నాన్న కొడుకే) తువ్వాలు కోసం నా వెనక్కి చెయ్యి చాచాడు, బరువంతా ముందు పాదం మీదికి వచ్చింది, నా ముంజేయి అప్పటికే అతని మోచేతికి తగిలి ఉంది. ఆ తగిలిన చోట అతని బరువు కదలడం నాకు ఒక క్షణం ముందే తెలిసింది. పుషింగ్ హ్యాండ్స్‌లో "వినడం" అని నేర్పింది అదేనని అప్పుడు అర్థమైంది. మణికట్టు తిప్పే పట్టు మాత్రం ఒక్కసారి కూడా పనిచేయలేదు.

మీ పుస్తకంలో కూడా ఇలా వెతకండి. పనిచేసినప్పుడు చెయ్యి ఎక్కడ తగిలి ఉంది, అతని బరువు ఏ కాలి మీద ఉంది, అతనికి ఆ క్షణంలో ఏం కావాలి. మూడూ రాయండి. తర్వాతి వారం సాధనలో సగం సమయం ఆ ఒక్క క్షణానికే ఇవ్వండి: అతను చెయ్యి చాపడం, మీరు ముంజేయి తగిలించడం, మళ్లీ మొదటినుంచి. పనిచేయని పట్లను కొట్టేయకండి, పక్కన తేదీ వేసి ఉంచండి, ఆరు నెలలకి మళ్లీ చూడొచ్చు.

మా తమ్ముడు ఇప్పుడు ముందు పాదం మీద బరువు వేయకుండా రావడం నేర్చుకున్నాడు. పోయిన ఆదివారం మళ్లీ 10కి ఒకటే. ఈ వారం తువ్వాలు కుడివైపుకి మార్చి దోపుకుంటున్నాను.